డబ్బా మీద 40 రెట్లు, కంటికి 9 రెట్లు: గుమ్మడి పాదు మీద రెండు భూతద్దాల పరీక్ష

నేను కావలి ట్రంకు రోడ్డులో చేతి గడియారాలు బాగుచేసేవాణ్ణి. కంటికి ఐ గ్లాస్ తగిలించకుండా నాకు పొద్దు గడవదు. మామూలు భూతద్దం గురించి ఇంత పొడుగు రాయాలా అని ఎవరైనా విసుక్కుంటే వాళ్లదే న్యాయం. అద్దాల దగ్గర నాకు చాదస్తం ఎక్కువ, ముందే చెప్పేస్తున్నా.

సమీక్ష రెండు మడత భూతద్దాల మీద. రెండూ ఆన్‌లైన్‌లో తెప్పించినవే. మొదటిది 340 రూపాయలు. డబ్బా మీద పెద్దక్షరాలతో "40 ఎక్స్", అద్దం పక్కన రెండు ఎల్‌ఈడీ దీపాలు, లోపల రెండు సీఆర్ 1620 సెల్లు. రెండోది 620 రూపాయలు. దీపం గీపం ఏమీ లేదు, ఇత్తడి మీద నికెల్ పూత, పక్కన "10 ఎక్స్ ట్రిప్లెట్" అని చిన్నగా చెక్కారు. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇవే అద్దాలు పది పేర్లతో అమ్ముతున్నారు, పేరు చూసి కొనే సరుకు కాదిది.

వీటిని నేను కొన్నది గడియారాలకు కాదు, మా బామ్మర్ది గుమ్మడి పాదులకు.

వాడికి సముద్రం వైపు పోయే తుమ్మలపెంట దారిలో 30 సెంట్ల ఇసక నేల, అందులో ఒక దొరువు (ఇసకలో తవ్విన లోతు తక్కువ నీళ్ల గుంట) ఉన్నాయి. ఎక్కడో వీడియోలో మనిషి కూర్చునేంత గుమ్మడికాయ చూశాడు. ఇంకేముంది, "అట్లాంటిక్ జెయింట్" అని రాసున్న విత్తనాల పొట్లం తెప్పించాడు. ఆ రకం కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రం, విండ్సర్ ఊళ్లో హోవార్డ్ డిల్ అనే రైతు ఏళ్ల తరబడి ఏరి ఏరి తయారుచేసింది. 2023లో కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బే పోటీలో ఈ జాతి కాయ ఒకటి 1,246.9 కేజీలు తూగింది. మన ఊళ్లలో ఎక్కువగా పండే తియ్య గుమ్మడి జాతి వేరు, దీని జాతి వేరు. మనది ఎండను ఓర్చుకుంటుంది, ఇది అంత ఓర్చుకోదు. దీని ఆకు చాటంత వెడల్పు వస్తుంది. తీగ కణుపు కణుపుకీ నేలలోకి వేరు దించుతుంది, ఆ కణుపుల మీద మట్టి ఎగదోస్తూ పోవాలి. పాదుకు ఒకే కాయ ఉంచి మిగతావి గిల్లేస్తారు. ఈశాన్య రుతుపవనం వానలు వెనకపట్టాక డిసెంబరులో గింజ పెట్టాడు మావాడు. మన కోస్తాలో అదొక్కటే దీనికి కాస్త అనుకూలమైన కాలం.

ఫిబ్రవరి వచ్చేసరికి తీగ మొదట్లో ఆకులు పసుపెక్కాయి, చివర ఆకులు ముడుచుకున్నాయి. వాడు ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకుని మందుల కొట్టుకు పోయాడు. కొట్టాయన ఫొటో వంక అరనిమిషం చూసి ముడతకు ఒక సీసా, పసుపుకు ఒక పొడి పొట్లం, "బలానికి" ఒక టానిక్ చేతిలో పెట్టాడు. 1,450 రూపాయలు. ఆకు తెచ్చావా అని అడగలేదు, వెనక్కి తిప్పి చూశావా అని అడగలేదు, నీళ్లు ఎక్కడివని అసలే అడగలేదు. ఈ ప్రాంతంలో మిరప రైతులకు ఏం ఇస్తాడో అదే ఇచ్చి పంపాడు.

ఆ సాయంత్రమే వాడి భార్య నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఈయన పొద్దున్నే మందు కొడతానంటా ఉండాడు. పొద్దున్నే గదా పూలకి తేనెటీగలొచ్చేది? అవి చచ్చిపోతే కాయ యాడ నిలబడుద్ది? నువ్వొచ్చి ఒక మాట చెప్పు."

ఆ అమ్మాయి మాటలో తప్పేం లేదు. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పదింటికల్లా వాడిపోతుంది. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరవేయాల్సింది ఈగలే, లేకపోతే మనం చేత్తో రాయాలి. సీసాల సీలు తియ్యొద్దని వాడికి గట్టిగా చెప్పి, ఆ రాత్రే రెండు అద్దాలకూ ఆర్డరు పెట్టాను. నా ఐ గ్లాస్ చేలోకి పనికిరాదు, కంటికి పెట్టుకుని గట్టు మీద నడిస్తే దొరువులో పడతాను.

ముందు అద్దాల సంగతి. ఏ అద్దమైనా ఎన్ని రెట్లు చూపిస్తుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పగటిపూట కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గర నిలబడి, గోడకు తెల్ల కాగితం ఆనించి, అద్దాన్ని కాగితం ముందు పట్టుకుని వెనక్కీ ముందుకీ జరపండి. ఒకచోట కిటికీ బొమ్మ తలకిందులుగా, స్పష్టంగా కాగితం మీద పడుతుంది. అద్దానికీ కాగితానికీ మధ్య దూరం స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. 250ని ఆ అంకెతో భాగిస్తే వచ్చేది అసలు రెట్లు. 10 ఎక్స్ అని చెక్కినదానికి 25 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే పదికి పది, అబద్ధం లేదు. 40 ఎక్స్ అని రాసినదానికి 28 వచ్చింది. తొమ్మిది రెట్లు కూడా నిండలేదు. నిజంగా 40 రెట్లయితే అద్దం వస్తువుకు 6 మిల్లీమీటర్ల దగ్గరకు రావాలి, గాజు బిళ్ల శనగబద్ద కన్నా పెద్దగా ఉండదు. అంగుళం వెడల్పు అద్దానికి 40 రెట్లు రావడం అయ్యే పని కాదు. డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉంటే అంత అనుమానించండి. 60, 90 అని కూడా రాసి అమ్ముతున్నారు, ఎవరు అడుగుతారు?

తొమ్మిది రెట్లయినా పని జరుగుతుంది కదా అంటారా? కొంతవరకు జరుగుతుంది. అయితే అది ఒంటి బిళ్ల అద్దం. నడిమధ్యలో బాగానే కనబడుతుంది, అంచులకు పోయేకొద్దీ వంగిపోయి, నీలం ఎరుపు చారలు వస్తాయి. పురుగు కాళ్లు ఆరా ఎనిమిదా అని లెక్కపెట్టాల్సివచ్చినప్పుడు ఆ చారలు మోసం చేస్తాయి. ట్రిప్లెట్‌లో మూడు గాజు బిళ్లలు అతికించి ఉంటాయి, చివరిదాకా చదునుగా, రంగు మారకుండా చూపిస్తుంది. పసుపును పసుపుగా చూడాల్సిన పనిలో అదే ముఖ్యం. పైగా 40 దాని ఎల్‌ఈడీ వెలుగు నీలంగా ఉండి ఆకు రంగు పాడుచేస్తుంది. ఎండలో దీపం అవసరమే లేదు. రాత్రి చూడాలనుకునేవాళ్లకు తప్ప ఆ దీపాలు బరువు.

ఇక పాదు దగ్గరికి. పొద్దున మంచు ఆరాక వెళ్లాం. తడి ఆకు దగ్గర పట్టుకుంటే అద్దం ఆవిరి పడుతుంది. పట్టుకునే తీరు కూడా చెప్పాలి, చాలామందికి తెలీదు. అద్దాన్ని ఆకు దగ్గర పెట్టి మనం దూరంగా నిలబడి చూడకూడదు. అద్దం కంటికి ఆనించి, ఆకును తెంపి అద్దం దగ్గరికి తెచ్చుకోవాలి. అంగుళం దూరంలో ఒక్కసారిగా అంతా విచ్చుకుంటుంది. కళ్లజోడు ఉంటే తీయనక్కర్లేదు. ఎండ భుజం మీదుగా పడాలి. గుమ్మడి ఆకు నూగు చేతికి గుచ్చుకుంటుంది కదా, పది రెట్లలో చూస్తే ఆ నూగు కోతకొచ్చిన జొన్నచేనంత దట్టంగా ఉంటుంది. ఆ వెంట్రుకల మొదట్లో దాక్కునే వాటిని ఉత్త కంటితో పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

తీగ చివర ముడుచుకున్న ఆకు తిరగేసి చూశాం. మా బామ్మర్ది కళ్లకు కనబడ్డవి తెల్లటి పొట్టు, నల్లటి చుక్కలు.

"తెల్లదోమ బావా. కొట్టాయన చెప్పిందే గదా."

అద్దం వాడి కంటికి పెట్టాను. తెల్లవన్నీ కదలని పొట్టులు, పేనుబంక కుబుసం విడిచినవి. పక్కనే అసలు పురుగులు, ఆకుపచ్చవి కొన్ని, నల్లవి కొన్ని, ముక్కు ఆకులో గుచ్చి కూర్చున్నాయి. ఒక్కో దాని వెనకభాగంలో రెండు చిన్న గొట్టాలు కనబడ్డాయి. ఆ రెండు గొట్టాలు ఉన్నాయంటే పేనుబంకే, ఇంకో మాట లేదు. తెల్లదోమ అయితే రెక్కలు ఇంటికప్పు మాదిరి వాలి ఉంటాయి, ఆకు కదిపితే లేచి ఎగురుతుంది. చీమలు తీగ వెంట బారులు కట్టడం కూడా పేనుబంకకే సాక్ష్యం. అవి వదిలే తియ్యటి జిగురు కోసం చీమలు వాటిని కాపలా కాస్తాయి.

అద్దం అసలు పనికొచ్చింది ఇక్కడే. ఆ గుంపులో కొన్ని పేనుబంకలు ఉబ్బిపోయి, గోధుమరంగు తిరిగి, గుండ్రటి చిల్లుతో ఖాళీ డొల్లలుగా ఉన్నాయి. ఒక రకం సన్న కందిరీగ వాటి లోపల గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని పెరిగి, చిల్లు చేసుకుని బయటికి వస్తుంది. ఇంకో ఆకు మీద అక్షింతల పురుగు పిల్లలు, నల్లగా మొసలి రూపంలో ఉన్నవి, పేనుబంకను వరసగా నమిలేస్తున్నాయి. వాటినే "ఈ నల్ల పురుగు ఏదో కొత్తది వచ్చింది" అని మా వాడు నలిపి చంపుతున్నాడట! అంటే వాడి తోటలో కూలి లేకుండా పనిచేసేవాళ్లు ఇద్దరు అప్పటికే ఉన్నారు. ఆ సీసా కొట్టి ఉంటే ముందు పోయేది వాళ్లే, పేనుబంక పది రోజుల్లో మళ్లీ వచ్చేది.

మందు కొట్టలేదు. ముడుచుకున్న చివర్లను నీళ్ల పైపుతో అడుగువైపు నుంచి గట్టిగా కడిగి, చీమల బారికి అడ్డంగా తీగ కిందున్న చెత్త తీసేసి, రెండుసార్లు మాత్రం వేపనూనె 5 మిల్లీలీటర్లు లీటరు నీళ్లకు, కాస్త సబ్బు కలిపి, పొద్దువాలాక కొట్టాం. ఆ తర్వాత వచ్చిన ఆకులు చదునుగా వచ్చాయి. ముడుచుకున్న పాత ఆకు మాత్రం మళ్లీ విప్పుకోదు. చాలామంది ఆ పాత ఆకు చూసి "మందు పనిచెయ్యలేదు" అని ఇంకో సీసా కొంటారు. చూడాల్సింది కొత్త ఆకును.

ఆ పసుపు పొడి పొట్లం మీద లేబుల్ చదివాను. అదీ అద్దంతోనే, ఆ అక్షరాలు ఎవరి కోసం అచ్చు వేస్తారో! గంధకం. తీగజాతి కూరగాయలకు గంధకం పడదు, ఎండపూట కొడితే ఆకులు మాడిపోతాయి. బూడిద తెగులుకూ నల్లికీ మిగతా పంటల్లో వాడతారు కాబట్టి చేతికొచ్చింది ఇచ్చేశాడు కొట్టాయన. పొట్లం వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు, అది వేరే కథ.

మిరప పండించేవాళ్లకు పై ముడత అంటే తామర పురుగు, కింది ముడత అంటే నల్లి అని నోటికి వచ్చు. గుమ్మడికి అదే లెక్క వేస్తే దెబ్బతింటారు, ఎందుకంటే ఇక్కడ కిందికి ముడిచేది చాలాసార్లు పేనుబంకే. తామర పురుగు అనుమానం ఉంటే ఆకును తెల్ల కాగితం మీద తట్టండి. సన్నగా, పొడవుగా, లేత పసుపు రంగులో గబగబా పాకేవి అవే, మిల్లీమీటరు పొడవు. అవి గీకిన చోట వెండి రంగు మరకలు, మరకల్లో నల్ల చుక్కలు ఉంటాయి. ఎర్రనల్లి అర మిల్లీమీటరు, ఎనిమిది కాళ్లు, సన్నటి గూడు, ఆకు పైన పసుపు చుక్కలు. మట్టి రోడ్డు పక్కన దుమ్ము పడే తీగలకు ఎండాకాలంలో అది ఎక్కువ. ఇవన్నీ పది రెట్లలో చక్కగా తేలిపోతాయి. తేలనిది తెల్లనల్లి ఒక్కటే. అది మిల్లీమీటరులో అయిదో వంతు, దానికి 20 రెట్లది ఉంటే మంచిది. అయితే 20 రెట్ల అద్దాన్ని అర అంగుళం దూరంలో పట్టుకోవాలి, చెయ్యి వణికేవాళ్లకు కుదరదు. మొదటి అద్దంగా 10నే కొనండి.

పక్కింటి వాళ్ల పందిరి మీది దేశవాళీ గుమ్మడిని కూడా చూశాను, అడిగారు కాబట్టి. ఆకు ఈనెలు కలిసేచోట తెల్ల మచ్చలు. బూడిద తెగులని భయపడి ఏదో కొడుతూ ఉన్నారు. అద్దంలో చూస్తే పొడి లేదు, ఆకు చర్మమే తెల్లగా ఉంది. వేలితో రుద్దితే ఏమీ అంటలేదు. మన గుమ్మడికి ఆ మచ్చలు పుట్టుకతోనే ఉంటాయి. బూడిద తెగులైతే దారాలు అల్లుకుని, మీద పొడి రేణువులు కనబడతాయి, వేలికి అంటుతుంది. వాళ్లకు మిగిలిన మందు డబ్బులతో నా అద్దం వచ్చేది.

ఇప్పుడు అద్దం చెయ్యలేని పని. ఇది రాయకపోతే సమీక్ష మోసం అవుతుంది.

తీగ మొదట్లో పసుపు ఆకులను ఎంతసేపు చూసినా పురుగు లేదు, బూజు లేదు. అయితే "ఏమీ లేదు" అన్నది కూడా కబురే. కారణం నేలలోనో నీళ్లలోనో వెతకాలి. దానికి అద్దం కాదు, ఉత్త కన్ను చాలు. పాత ఆకు మొత్తం ఒకే తీరున పసుపైతే నత్రజని చాలలేదు. ఇసక నేలలో వానకు అది కొట్టుకుపోతుంది. పాత ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య పసుపైతే మెగ్నీషియం. అదే తీరు కొత్త ఆకులో కనబడితే ఇనుము. పాత ఆకు అంచు మాడుతూ లోపలికి వస్తే పొటాష్ లోపమైనా కావాలి, ఉప్పు అయినా కావాలి. మధ్యాహ్నం ఆకులు వాలిపోయి సాయంత్రానికి లేస్తే ఎండ దెబ్బ, దాన్ని పట్టించుకోకండి. పొద్దున్నే వాలి ఉంటే వేరు చూడాలి. పీకి చూస్తే వేరు మీద బుడిపెలు ఉంటే నులిపురుగు, కాండం అడ్డంగా కోస్తే లోపల గోధుమరంగు చార ఉంటే ఎండు తెగులు.

మా వాడి పాదుకు మొదట్లో ఆకుల అంచులు మాడాయి. నాకు దొరువు మీద అనుమానం. మా గిరాకీ ఒకాయనకు రొయ్యల గుంట ఉంది, నీళ్లలో ఉప్పు కొలిచే పెన్ను అడిగి తెచ్చాను. పొద్దున మోటారు వెయ్యకముందు దొరువు నీళ్లు 1,100 మైక్రోసీమెన్స్ (ఈ అంకె ఎంత పెరిగితే నీళ్లలో అంత ఉప్పు). రెండు గంటలు తోడాక 2,600. మొక్కలకు పెట్టే నీళ్లు 700 లోపు ఉంటే ఢోకా లేదు, 3,000 దాటితే గట్టి ఇబ్బంది, మధ్యలో ఉంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని వాడాలి. ఇది ప్రపంచమంతా వాడే లెక్క. సముద్రపు ఇసక దిబ్బల కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన మీటరు మంచినీళ్లు ఉంటే కింద 40 మీటర్ల దాకా ఉంటాయని లెక్క. అంటే పైన కాస్త తగ్గించినా కింద ఉప్పు చాలా పైకి వచ్చేస్తుంది. మన పెద్దవాళ్లు దొరువులో కడవ ముంచి, పైపై నీళ్లు తీసి పోసుకునేవాళ్లు. మోటారు పెట్టి గంటల తరబడి లాగితే ఆ మర్యాద పోతుంది.

"అయితే ఏం చెయ్యమంటావు బావా, నీళ్లు మానేనా?"

"మానేది లేదురా. పొద్దున ముప్పావుగంట, పొద్దువాలాక ఇంకాసేపు. ఒక్క బిగిన లాగొద్దు. ఆకు మీద చల్లొద్దు, మొదట్లో పొయ్యి. వరిగడ్డి పరుచు."

గడ్డి పరిచాక ఇసక ఎండిపోవడం తగ్గింది, సగం నీళ్లే సరిపోయాయి. మొదట్లో పసుపు ఆకులు ఎలాగూ ముసలివి, కోసేశాం. కొత్త అంచులు మాడలేదు.

నాలుగు పాదుల్లో ఒకటి మాత్రం దక్కలేదు. దాని ఆకులు చిన్నవై, ఉబ్బెత్తులుగా, ఆకుపచ్చా పసుపూ కలగలిసి, తీగ చివర గిడసబారింది. వెర్రి తెగులు. అద్దంలో ఏమీ కనబడదు, వైరస్ ఏ భూతద్దానికీ చిక్కేది కాదు. దానికి మందు లేదు. పేనుబంక మోసుకొచ్చే మొజాయిక్ వైరస్‌లయితే కొన్ని సెకన్లు ముక్కు గుచ్చితే చాలు, అంటుకుంటాయి. పురుగుమందు తగిలి అది చచ్చేలోపు పని అయిపోతుంది. పీకి కాల్చేయమన్నాను. వాడు రెండు రోజులు ఒప్పుకోలేదు, ఆ పాదుకే పెద్ద పిందె ఉందని. మూడో రోజు పక్క పాదు చివర అదే గుర్తు వస్తుందేమోనని భయపడి తనే పీకేశాడు.

ఫొటో చూసి తెగులు చెప్పే ఫోన్ యాప్ కూడా పెట్టి చూశాం. ఒకే ఆకును నీడలో తీస్తే ఒక పేరు, ఎండలో తీస్తే ఇంకో పేరు చెప్పింది. దానికి ఆకు అడుగు చూపించాలన్న ఆలోచన మనకు ఉండాలి, అద్దం ఆ అలవాటు చేస్తుంది. అద్దాన్ని ఫోన్ కెమెరాకు ఆనించి ఫొటో తీస్తే పేనుబంక గొట్టాలు కూడా పడ్డాయి. ఆ ఫొటోలు తీసుకెళ్లి నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించినా, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులో చెప్పినా, "ఆకు ముడుచుకుంది సార్" అనే బదులు "అడుగున పేనుబంక, కుబుసాలు, చీమలు" అని చెప్పగలం. అవతలివాళ్లు ఇచ్చే జవాబు కూడా అప్పుడు మారుతుంది. అమెరికా వీడియోలు చూసి కాండం చీల్చి పురుగు వెతికేవాళ్లకు ఒక మాట: వాళ్లు చూపించే ఆ తీగ తొలిచే పురుగు ఆ ఖండానిది, కత్తి పక్కన పెట్టండి.

కాయ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా, 41 కేజీలు. మార్చి నెలలో రాత్రి కూడా సెగ తగ్గని ఊళ్లో అది తక్కువేం కాదు. వాడు మాత్రం కాలిఫోర్నియా కాయతో పోల్చుకుని మొహం మాడ్చుకున్నాడు. మా చెల్లెమ్మ దాన్ని ముక్కలు కోసి వీధంతా పంచింది. పులుసుకు మన తియ్య గుమ్మడి రుచి రాదు, నీళ్లు ఎక్కువ. తినడానికి పెంచేవాళ్లు ఈ రకం జోలికి పోవద్దు.

నక్షత్రాలు: 40 ఎక్స్ అని రాసినదానికి రెండు. పనిచేస్తుంది, కానీ అబద్ధం ఆడుతుంది, పైగా మూడు వారాల్లో సెల్లు దిగిపోయాయి. 10 ఎక్స్ ట్రిప్లెట్‌కు నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే మడత దగ్గర మర వదులవుతోంది, తాడు కట్టుకోవడానికి కన్నం లేదు. మర బిగించి, తల మీద గోళ్ల రంగు ఒక చుక్క వేస్తే మళ్లీ వదలదు, వాచీల్లో మేం చేసేదే. ఇసక నేలలో వాడేవాళ్లు అద్దాన్ని పంచెతో తుడవకండి. ముందు రబ్బరు బుడ్డితో ఊది ఇసక రేణువులు పోగొట్టి, ఆ తర్వాత కళ్లజోడు గుడ్డతో తుడవండి. ఒక్క గీత పడితే నల్లి కాళ్లు తొమ్మిది కనబడతాయి.

ఆన్‌లైన్‌లో నమ్మకం లేకపోతే నెల్లూరులో కంసాలి సామాను అమ్మే కొట్లలో అడగండి, నగలకు రాళ్లు చూసే అద్దం ఇదే. ధర కాస్త ఎక్కువ చెబుతారు, కానీ చేతిలో పెట్టి చూపిస్తారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా పారేయకుండా ఆ రోజే గోడ దగ్గర కొలవండి. 25 మిల్లీమీటర్లకు రెండు మూడు అటూ ఇటూ అయితే ఉంచుకోండి, 35 దాటితే వాపసు గడువులోపే పంపేయండి.